సిలోన్ చెక్క, సిలోన్ టీ: ఒక దీవి, రెండు పంటలు, వాటి కింద నలిగిన కులాలు

ఊళ్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి గురించి ఈ పేజీ చదివేవాళ్లకు మేము కొత్తగా చెప్పాల్సింది లేదు. చాలా ఊళ్లలో అది ఇప్పుడు వాడి పారేసే కప్పుల పద్ధతి అయింది, అంతే. టీ తాగేచోట కులం ఏం చేస్తుందో మనవాళ్లు కథల్లో, ఆత్మకథల్లో, నిజనిర్ధారణ నివేదికల్లో చాలా రాశారు. టీ పండేచోట కులం ఏం చేసిందో తెలుగులో దొరకడం తక్కువ. ఆ లోటులో కొంత పూడ్చడానికే ఈ వ్యాసం.

మేము ఎంచుకున్న చోటు శ్రీలంక. మన పెద్దవాళ్లకు సిలోన్ అంటే రేడియో, అందులో వచ్చే తెలుగు పాటలు. ప్రపంచ మార్కెట్టుకు సిలోన్ అంటే రెండు సరుకులు: దాల్చిన చెక్క, తేయాకు. ఈ రెండూ వేరు వేరు కాలాల్లో, వేరు వేరు కులాల కష్టం మీద పెరిగాయి. చెక్క తీసే పనిని దీవిలోనే ఉన్న సలాగమ అనే సింహళ కులం మెడకు చుట్టారు. తేయాకు కోసే పనికి తమిళ జిల్లాల నుంచి పరయర్, పల్లర్, చక్కిలియర్ కుటుంబాలను సముద్రం దాటించారు. సలాగమ కులంలో చెప్పుకోదగ్గ భాగం ఆ ఉచ్చులోంచి బయటపడింది. తోటల్లోకి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది రెండు వందల ఏళ్లు దాటినా లైను గదుల్లోనే ఉన్నారు. ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందన్నది మా ప్రశ్న.

ముందే ఒక మాట ఒప్పుకోవాలి. మన బిర్యానీలో పడే చెక్క చాలావరకు సిలోన్‌ది కాదు, కాసియా అనే వేరే చెట్టుది. మన వీధి చివర మరిగే టీ పొడి కూడా ఎక్కువగా అస్సాం, బెంగాల్ తోటల నుంచి వచ్చేదే. సరుకు రూపంలో ఆ దీవి మన ఇంటికి పెద్దగా రాలేదు. మనకూ ఆ దీవికీ ఉన్న చుట్టరికం వేరే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాం.

చెక్క

దాల్చిని అన్న మాట పారశీకం నుంచి వచ్చింది. దానికి అర్థం చైనా చెక్క. అసలైన దాల్చిన చెట్టు పుట్టిల్లు మాత్రం శ్రీలంక. శాస్త్రీయ నామం సిన్నమోమమ్ వేరమ్. పాత పుస్తకాల్లో దీన్నే సిన్నమోమమ్ జైలానికమ్ అంటారు, ఆ పేరులోనే సిలోన్ ఉంది. సింహళంలో కురుందు అంటారు.

రెంటినీ పోల్చుకోవడం తేలిక. కాసియా మందంగా, గట్టిగా, ఒకే పొరగా చుట్టుకుని ఉంటుంది. సిలోన్ చెక్క కాగితంలా పల్చన. పొర మీద పొర చుట్టిన చుట్టలా ఉంటుంది, వేలితో నొక్కితే విరుగుతుంది. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, మోతాదు మించితే కాలేయానికి మంచిది కాదు. సిలోన్ చెక్కలో అది చాలా తక్కువ. ధరలో తేడాకు ఇదొక కారణం. రెండో కారణం మనిషి చెయ్యి.

చెట్టును చెట్టుగా పెరగనివ్వరు. మొదలు దగ్గర నరికితే పక్క నుంచి పిలకలు వస్తాయి. అవి రెండేళ్ల వయసుకొచ్చి, వానలు పడి, బెరడు లోపల పసరు ఆడుతున్నప్పుడు కొట్టి పాకలోకి తెస్తారు. కొమ్మ మీది గరుకు తోలు గీకేస్తారు. ఇత్తడి కడ్డీతో ఒత్తి రుద్దుతారు, లోపలి బెరడు కట్టె నుంచి వదులు కావడానికి. తర్వాత చిన్న కత్తితో నిలువునా రెండు గాట్లు పెట్టి, ఆ బెరడు చినగకుండా ఊడదీస్తారు. ఊడిన పట్టలను ఒకదానిలో ఒకటి దోపి, ముక్కలు లోపల కూరి, 42 అంగుళాల పొడవు గొట్టాలుగా చేస్తారు. వాటిని ఎండలో పెట్టరు, నీడలో ఆరబెడతారు. గొట్టం ఎంత సన్నగా ఉంటే అంత మేలు రకం. అన్నిటికన్నా సన్నది, ఆరు మిల్లీమీటర్లకు మించనిది, ఆల్బా. దీనికి యంత్రం ఇంకా సరిగా కుదరలేదు. రోజంతా నేల మీద కూర్చుని, కాలివేళ్ల ఆసరాతో కొమ్మ తిప్పుతూ చేసే పని ఇది. మొత్తం కుటుంబం చేస్తుంది. ఈ నేర్పు కొన్ని ఇళ్లలోనే ఎందుకు ఉండిపోయిందన్నది కులం కథ.

సలాగమ

సలాగమలు దక్షిణ భారతం నుంచి వచ్చిన నేతగాళ్ల సంతతి అని సంప్రదాయ కథ. డచ్, ఇంగ్లీషు కాగితాల్లో వీళ్ల పేరు చాలియ. తమిళ సాలియర్‌కూ మన సాలెకూ దగ్గరగా వినిపించే మాట. సింహళ రాజుల కాలంలో రాజకారియ అనే పద్ధతి ఉండేది. భూమి అనుభవిస్తున్నందుకు రాజుకు చాకిరీ చేయాలి, ఆ చాకిరీ ఏమిటన్నది కులాన్ని బట్టి ఉంటుంది. మనం వెట్టి అనేదానికి ఇది దగ్గర. తీరంలో స్థిరపడిన ఈ నేతగాళ్లకు అడవిలో చెక్క తీసే వెట్టి తగిలించారు.

1505లో పోర్చుగీసువాళ్లు వచ్చారు. 1656లో కొలంబో డచ్చి కంపెనీ చేతికి పోయింది. ఇద్దరికీ కావలసింది చెక్కే. ఉన్న కుల పద్ధతిని వాళ్లు కూల్చలేదు, లెక్కల పుస్తకంలోకి ఎక్కించారు. చెక్క వ్యవహారాలకు మహాబద్ద అనే ప్రత్యేక శాఖ నడిచింది. డచ్చివాళ్లు తోంబో అనే దస్తరాల్లో ఊరు, ఇల్లు, కులం, ఆ కులం చేయాల్సిన చాకిరీ రాసి పెట్టారు. సలాగమ మగపిల్లవాడికి పన్నెండేళ్లు నిండితే చాలు, ఏటా ఇంత చెక్క అని అప్పు పడేది. వయసు పెరిగేకొద్దీ అదీ పెరిగేది. కంపెనీకి తెలియకుండా చెక్క అమ్మినా, చెట్టుకు నష్టం చేసినా మరణశిక్ష దాకా ఉండేది. కులం తనంతట తానే యూరప్ దాకా ఓడెక్కి వెళ్లలేదు కానీ, యూరప్ వ్యాపారం కులాన్ని ఎంత శ్రద్ధగా కాపాడిందో తెలియాలంటే ఈ దస్తరాలు చాలు.

అడవిలో నెలల తరబడి ఏనుగుల మధ్య తిరగడం, అడవి సగం క్యాండీ రాజుది కావడంతో అటూ ఇటూ దెబ్బలు. 1760లో చెక్క తీసేవాళ్లు తిరగబడ్డారు. తీరంలోని అలజడి క్యాండీ రాజుతో డచ్చివాళ్ల యుద్ధంగా మారి 1766 ఒప్పందం దాకా నడిచింది. ఆ తర్వాతే గవర్నర్ ఫాల్క్ అడవి చెట్ల మీద ఆధారపడకుండా కొలంబో పక్కన తోటలు వేయించాడు. ఇప్పుడు కొలంబోలో సిన్నమన్ గార్డెన్స్ అనే ఖరీదైన బంగళాల పేట ఆ తోటల పేరుతోనే ఉంది. సింహళంలో కురుందువత్త. అక్కడ ఇప్పుడు దాల్చిన చెట్టు వెతుక్కోవాలి.

సలాగమల విముక్తి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి మతం. క్యాండీలోని సియం నికాయ అనే బౌద్ధ భిక్షు సంఘం 18వ శతాబ్దం రెండో సగం నుంచి గోవిగమ అనే వ్యవసాయ అగ్రకులానికే పూర్తి దీక్ష ఇచ్చేది. బుద్ధుడి సంఘంలో కులమా అని మనం ఆశ్చర్యపోతాం, వాళ్లు మాత్రం రాజశాసనం చూపించారు. సలాగమలు వాదనతో ఆగిపోలేదు. వాళ్ల కులానికి చెందిన అంబగహపిటియ జ్ఞానవిమల అనే భిక్షువు, ఆ కులంలోని డబ్బున్నవాళ్ల అండతో, 1799లో బర్మా రాజధాని అమరాపురకు ఓడ మీద వెళ్లాడు. అక్కడ దీక్ష తీసుకుని 1803లో తిరిగొచ్చి అమరాపుర నికాయ స్థాపించాడు. గుడి తలుపు తెరవనివాళ్లను బతిమాలకుండా వేరే దేశం నుంచి సంఘాన్ని తెచ్చుకున్నారు. ఈ కథ మనవాళ్లకు ఇంకా బాగా తెలియాలని మాకు అనిపిస్తుంది.

రెండోది భూమి. 1830ల మొదట్లో బ్రిటిష్ ప్రభుత్వం రాజకారియనూ చెక్క గుత్తాధిపత్యాన్నీ రద్దు చేసింది. వెట్టి పోయింది, ఊరు మిగిలింది, ఊళ్లో తోట మిగిలింది. కులపెద్దల కుటుంబాలు చెక్క తోటలు కొన్నాయి, ఇంగ్లీషు చదివాయి, రాజకీయాల్లోకి వచ్చాయి. అందరూ కాదు. సలాగమల్లోనే సైనిక చాకిరీ చేసే హేవాపన్న అనే మెట్టూ, చెక్క తీసే కురుందుకార అనే కింది మెట్టూ ఉన్నాయి. లాభం పై మెట్టుకే ఎక్కువ దక్కింది. ఇప్పటికీ గాలే, మాతర జిల్లాల్లో చెక్క ఒలిచేవాళ్ల పిల్లలు ఆ పనిలోకి రావడానికి ఇష్టపడరు. కూలి చూస్తే బాగానే ఉంటుంది, చాలాచోట్ల తీసిన చెక్కలో సగం దాకా ఒలిచేవాళ్లదే. అయినా ఆ పని పేరెత్తగానే ఎదుటివాడికి కులం తెలిసిపోతుంది. పనివాళ్ల కొరత తీర్చడానికి కొస్గొడలో శిక్షణ అకాడమీ పెట్టారు.

మిగతా మసాలాల గురించి క్లుప్తంగా. మిరియాలు, లవంగాలు, జాజికాయ మాతలె, క్యాండీ, కేగల్ల ప్రాంతాల్లో ఇంటి పెరటి తోటల్లో పెరుగుతాయి. పనస, కొబ్బరి, పోక చెట్ల మధ్య మిరియం తీగ పాకుతుంది. ఏలకులు ఎత్తు కొండల అడవి నీడలో పండుతాయి. ఇవి ఎక్కువగా చిన్న రైతుల పంటలు. వీటి కోసం ఓడల్లో మనుషుల్ని తోలుకు రాలేదు.

కాఫీ చచ్చింది, టీ వచ్చింది

1815లో క్యాండీ రాజ్యం బ్రిటిష్‌వాళ్ల చేతికి వచ్చింది. 1820ల నుంచి కొండల మీద కాఫీ వేశారు. 1840లో ఒక చట్టం చేసి, దస్తావేజు చూపించలేని భూమంతా సర్కారుదే అన్నారు. కొండ అడవులు ఎకరాల లెక్కన దొరలకు అమ్ముడుపోయాయి. భూమి పోయినా క్యాండీ రైతులు కూలికి రాలేదు, వాళ్లకు ఇంకా కొంత పొలం, ఊరు ఉన్నాయి. కూలీల కోసం సముద్రం ఇవతలికి చూశారు. తిరుచిరాపల్లి, మదురై, తంజావూరు, సేలం, పుదుక్కోట్టై, రామనాథపురం. భూమి లేనివాళ్లు, అప్పుల్లో ఉన్నవాళ్లు, తరతరాలుగా పన్నైయాళ్లుగా, అంటే పాలేర్లుగా, బతికినవాళ్లు అక్కడ కావలసినంతమంది.

దారి ఇలా ఉండేది. రామేశ్వరం వైపు నుంచి పడవలో మన్నార్. అక్కడి నుంచి వన్ని అడవి గుండా మాతలె దాకా కాలినడక. నీళ్లు లేని దారి, కలరా, మలేరియా. నడవలేనివాళ్లను వదిలేసి మిగతా గుంపు సాగిపోయేది. ఎంతమంది పోయారో లెక్క సరిగా పెట్టినవాళ్లు లేరు.

1869లో కాఫీ ఆకులకు తుప్పు తెగులు తగిలింది. 1880లు గడిచేసరికి కాఫీ తుడిచిపెట్టుకుపోయింది. జేమ్స్ టేలర్ అనే స్కాట్లాండ్ మనిషి 1867లోనే లూల్‌కందురా తోటలో 19 ఎకరాల్లో తేయాకు వేసి ఉన్నాడు. దొరలంతా ఆ దారి పట్టారు. 1883లో కొలంబోలో టీ వేలం మొదలైంది. ఈ పంట మార్పు మనుషుల బతుకును కూడా మార్చింది. కాఫీకి కోతల నెలల్లోనే కూలీలు కావాలి, పని అయ్యాక చాలామంది ఊరికి తిరిగొచ్చేవాళ్లు. తేయాకు అలా కాదు. వారం, పది రోజులకోసారి చిగురు కోస్తూనే ఉండాలి, ఏడాది పొడవునా. అందుకని కుటుంబాలను తెచ్చారు, ఆడవాళ్లను తెచ్చారు, తోటలోనే ఉంచేశారు. దీనికి కొంచెం ముందే, 1876-78లో, మన రాయలసీమ ధాత కరువు అని పిలుచుకునే కరువు మద్రాసు రాజ్యమంతా మనుషుల్ని ఊళ్లలోంచి తరిమింది.

తెచ్చేవాడు కంగాణి. బర్మాకు మన కోస్తా జిల్లాల కూలీలను తోలుకెళ్లిన మేస్త్రీ గుర్తున్నాడు కదా, అలాంటివాడే. ఎక్కువసార్లు ఊళ్లోని పై కులంవాడు. దారి ఖర్చు, బియ్యం, బట్ట అన్నీ అప్పుగా రాసేవాడు. తోటకు చేరేసరికే కూలీ బాకీలో ఉండేవాడు. తన గుంపులో ఎంతమంది పనికొస్తే కంగాణికి అంత కమీషన్. ఒక తోట నుంచి ఇంకో తోటకు మారాలంటే తుండు అనే చీటీ కావాలి. గుంపు బాకీ ఇంత, అది కడితే వీళ్లను వదులుతాం అని దొర రాసిచ్చే చీటీ అది. అంటే మనుషులు బాకీ లెక్కన చేతులు మారేవాళ్లు. 1921లో తుండును రద్దు చేశారు. తర్వాతి రోజుల్లో మండపం శిబిరంలో ఆపి, పరీక్షలు చేసి, తోట నంబరు కొట్టిన రేకు బిళ్ల మెడలో వేసి పంపేవాళ్లు. 1914 నుంచి ధనుష్కోటి, తలైమన్నార్ మధ్య ఓడ, రైలు కలిశాయి కాబట్టి నడక తప్పింది.

తోటలో రోజు

తోట భాష వింటే తెలుగువాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. మేనేజరు పెరియ దొరై, అంటే పెద్ద దొర. అసిస్టెంటు చిన్న దొరై. లెక్కలు రాసేవాడు కణక్కుపిళ్లై, మన కరణం లాంటివాడు. తెల్లారక ముందు తప్పు కొట్టి లేపేవాళ్లు. తప్పు అంటే మన డప్పే, కొట్టేవాళ్లు పరయర్లే. అందరూ చేరే చోటు పిరట్టుకళం, పరేడ్ అన్న ఇంగ్లీషు మాట నలిగి అలా అయింది. ఒక రోజు పనిని పేరు అంటారు. హాజరు పట్టీలో మనిషి పేరు పడితే రోజు కూలి. కోసిన ఆకు నిర్ణయించిన తూకానికి తగ్గితే అర పేరు, అంటే సగం కూలి. ఆ తూకం చాలా తోటల్లో 18 కిలోలకు అటూ ఇటూ. ఆకు తడిగా ఉందని, సంచి బరువని కోత పెట్టడం మామూలు. తోటల్లో జరిగిన అధ్యయనాలన్నిటా కనిపించే ఫిర్యాదు ఇది.

కోసేవాళ్లు దాదాపు అంతా ఆడవాళ్లే. రెండు ఆకులు, ఒక మొగ్గ. అంతకన్నా ముదురు ఆకు కోస్తే టీ చెడుతుంది. నాలుగున్నర, అయిదు కిలోల పచ్చి ఆకుకు ఒక కిలో టీ వస్తుంది. ఫ్యాక్టరీలో ఆకును రాత్రంతా గాలికి వాడేస్తారు, యంత్రంలో నలుపుతారు, గాలి సోకి రాగిరంగు తిరిగే దాకా పరచి ఉంచుతారు, తర్వాత వేడిగాలితో ఆరబెట్టి జల్లెడ పడతారు. యంత్రాల పని ఎక్కువగా మగవాళ్లది. వాళ్ల పని గంటలు తక్కువ. ఆడవాళ్లు చీకటితో లేచి వంట చేసి, పిల్లల్ని దింపి, కొండెక్కి, దిగొచ్చి మళ్లీ వంట. చాలా తోటల్లో భార్య కూలి భర్త చేతికో తండ్రి చేతికో ఇచ్చే అలవాటు ఉండేది. ఆడామగా కూలి సమానం కావడానికి 1980ల దాకా పట్టింది.

టీ రుచి ఎత్తును బట్టి మారుతుంది. నువర ఎలియ దగ్గర ఆరు వేల అడుగుల ఎత్తున పండేది లేత రంగు, పూల వాసన. డింబుల తోటల మంచి కాలం జనవరి నుంచి మార్చి. ఊవా లోయలో జూలై నుంచి సెప్టెంబరు దాకా వీచే పొడిగాలికి ఆకులో ఒక ఘాటు వస్తుంది, దానికి వేలంలో మంచి ధర. దక్షిణాన రుహున, సబరగమువ పల్లపు ప్రాంతాల టీ నల్లగా, చిక్కగా ఉంటుంది. పడమటి ఆసియా దేశాలు దాన్నే ఇష్టపడతాయి.

ఈ పల్లపు టీ దగ్గర కాసేపు ఆగాలి. దీవిలో పండే టీలో సగానికి బాగా మించి ఇప్పుడు అక్కడి నుంచే, అదీ ఎకరం, అరెకరం ఉన్న చిన్న రైతుల నుంచి వస్తుంది. వాళ్లలో ఎక్కువమంది సింహళీయులు. వాళ్లు ఆకును ఫ్యాక్టరీకి అమ్ముకుంటారు, ధర పడిపోతే నష్టపోతారు, ఎరువులు దొరక్కపోతే ఏడుస్తారు. 2021లో ప్రభుత్వం రసాయన ఎరువులను రాత్రికి రాత్రి నిషేధించినప్పుడు అలాగే జరిగింది. అయినా చెట్టు వాళ్లది, ఇంటి పట్టా వాళ్లది. కొండ తోటలో ఆకు కోసే మనిషికి ఆ చెట్టులో ఏ వాటా లేదు. అదే మొక్క, అదే రెండు ఆకులు, ఒక మొగ్గ. టీ పంటలో పేదరికం మొక్క వల్ల రాలేదని చెప్పడానికి మాకు ఇంతకన్నా మంచి రుజువు కనిపించలేదు.

లైన్లలో కులం, లైన్లలో తెలుగు

లైను అంటే వరసగా కట్టిన గదులు. ఒక్కో గది పదడుగులు బై పన్నెండడుగులు, ముందు చిన్న వసారా. కొన్నిచోట్ల వీపుకు వీపు ఆనించి రెండు వరసలు, వెనక కిటికీ కూడా ఉండదు. ఒక గదిలో ఒక కుటుంబం, తర్వాతి తరం పెళ్లి చేసుకుంటే అదే గదిలో తెర కట్టి ఇంకో కుటుంబం.

సముద్రం దాటితే కులం పోతుందని హిందూ ధర్మశాస్త్రం బెదిరిస్తుంది. పోలేదు. జయరామన్, నార్వే పరిశోధకుడు హొల్లుప్ తోటల్లో ఉండి చేసిన అధ్యయనాలు ఈ విషయం వివరంగా చెబుతాయి. పని చేసేవాళ్లలో ఎక్కువమంది పరయర్, పల్లర్, చక్కిలియర్. కుడియానవర్ అని తమను పిలుచుకునే పై కులాలవాళ్లు సంఖ్యలో తక్కువ, కంగాణి పదవుల్లో ఎక్కువ. లైన్లు కూడా కులాలవారీగా కేటాయించేవాళ్లు. తెల్లదొరకు కులం మీద భక్తి ఏమీ లేదు, గొడవ లేకుండా పని నడవడం కావాలి. గుంపు నాయకుడి కింద ఆ గుంపు కులమే పని చేస్తే అదుపు తేలిక. ఒకే తూకం, ఒకే కూలి కావడం వల్ల కొన్ని కట్టుబాట్లు సడలిన మాట నిజమే. పెళ్లి దగ్గర, గుడి పండగలో ఎవరు ఏం చేయాలన్న దగ్గర, చావుకు డప్పు కొట్టే దగ్గర సడలలేదు.

చక్కిలియర్లే మనకు దగ్గర చుట్టాలు. తమిళనాడులో అరుందతియర్ అని పిలుచుకునే ఈ కులంలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, మన మాదిగలతో చుట్టరికం చెప్పుకుంటారు. ఎస్సీ వర్గీకరణ చర్చలో తమిళనాడు 2009లో వాళ్లకు ఇచ్చిన 3 శాతం గురించి మనం ఎన్నోసార్లు విన్నాం. ఆ అరుందతియర్ల పూర్వీకులు కొందరు లంక తోటలకు వెళ్లారు. ఇంకొందరిని కొలంబో, క్యాండీ లాంటి పట్టణాల్లో మురుగు ఎత్తడానికి, వీధులు ఊడవడానికి తెచ్చారు. లైన్లలో అందరికన్నా కింద వాళ్లనే ఉంచారు. తోట లెక్కల్లో, జనాభా లెక్కల్లో వాళ్లు భారత తమిళులు. వాళ్ల తెలుగు ఏ గడిలోనూ ఎక్కలేదు.

శ్రీలంకలో కులం గురించి మాట్లాడటం మర్యాద కాదన్నట్టు ఉంటుంది. 2009లో కళింగ ట్యూడర్ సిల్వా, శివప్రకాశం, తంగేష్ కలిసి తెచ్చిన పుస్తకం పేరే కులం లేనివాళ్లా, కులం చూడనివాళ్లా అని అడుగుతుంది. మలైయహ ఉద్యమకారుల్లో కొందరు కూడా బయట ఈ మాట ఎత్తడానికి వెనకాడతారు. సింహళ సమాజం, జాఫ్నా తమిళ అగ్రకులాలు అందరినీ కలిపి తోటోళ్లు అని తక్కువ చేస్తున్నప్పుడు లోపలి తేడాలు చెప్పుకుంటే బలం పోతుందన్న భయం. ఆ భయం అర్థమవుతుంది. కానీ అట్టడుగున ఉన్నవాడి నోరు మూసే ఐక్యత ఎవరికి లాభమో మనకు ఇక్కడి అనుభవం ఉంది.

ఓటు తీసేశారు

తోటల్లో తిరుగుబాటు లేదనుకుంటే పొరపాటు. 1931లో నటేశ అయ్యర్ మొదటి తోట కార్మిక సంఘం పెట్టాడు, ఆయన భార్య మీనాక్షి అమ్మాళ్ పాటలు కట్టి లైన్లలో పాడింది. 1940 జనవరిలో ముల్‌ఓయ తోట సమ్మెలో గోవిందన్ అనే కార్మికుణ్ణి పోలీసులు కాల్చి చంపారు. 1947 ఎన్నికల్లో తోట కార్మికుల ఓట్లతో వాళ్ల ప్రతినిధులు పార్లమెంటుకు వెళ్లారు, వామపక్షాలకూ ఆ ఓట్లు పడ్డాయి. వాళ్లలో మడకుంబుర తోటలో పుట్టిన కవి సి.వి. వేలుప్పిళ్లై ఒకరు.

మరుసటి ఏడాదే జవాబు వచ్చింది. 1948 పౌరసత్వ చట్టం తండ్రి లంకలో పుట్టినట్టు, లేదంటే తాతా ముత్తాతా ఇద్దరూ అక్కడ పుట్టినట్టు రుజువు చూపమంది. లైను గదిలో పుట్టినవాడి దగ్గర ఏ కాగితం ఉంటుంది? లక్షల మంది ఏ దేశానికీ కాకుండా పోయారు. 1949లో ఓటు పోయింది.

1950లో అంబేద్కర్ క్యాండీకి వెళ్లారు, ప్రపంచ బౌద్ధుల తొలి మహాసభకు. కొలంబోలో మాట్లాడుతూ అక్కడి అంటరానివాళ్లను బౌద్ధంలోకి రమ్మన్నారు, వాళ్లను అక్కున చేర్చుకోమని అక్కడి బౌద్ధులను కోరారు. ఆయన దిగిన క్యాండీ చుట్టూ ఉన్నవి తేయాకు కొండలే. ఆ కొండల్లో పని చేసేవాళ్లకు ఓటు పోయి అప్పటికి ఏడాదే. సలాగమలకు తలుపు వేసిన సియం నికాయ పీఠాలున్నదీ అదే ఊళ్లో.

1964లో సిరిమావో, శాస్త్రి కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. 9,75,000 మంది లెక్క తేలారు. 5,25,000 మంది భారత్‌కు, 3,00,000 మంది లంకకు, మిగతా 1,50,000 సంగతి తర్వాత చూద్దామన్నారు. 1974లో ఆ మిగతావాళ్లను చెరిసగం పంచుకున్నారు. మనుషుల్ని అడిగినవాళ్లు లేరు. అన్న అటు, తమ్ముడు ఇటు. వెనక్కి వచ్చినవాళ్లలో ఎక్కువమంది తమిళనాడుకు వచ్చారు, నీలగిరుల్లో వాళ్ల కోసమే ప్రభుత్వ తేయాకు తోటలు వేశారు, అంటే మళ్లీ ఆకు కోయడమే. కొన్ని కుటుంబాలకు కర్ణాటక, కేరళ, ఆంధ్రప్రదేశ్‌లలో పునరావాసం చూపించారు. లంకలో ఉండిపోయినవాళ్లలో చివరి వాళ్ల దాకా పౌరసత్వం అందించే చట్టం 2003లో వచ్చింది.

ఇప్పుడు

2012 జనాభా లెక్కల్లో భారత తమిళులుగా నమోదైనవాళ్లు దాదాపు 8 లక్షల 40 వేలు. వాళ్లు తమకు పెట్టుకున్న పేరు మలైయహ తమిళులు, కొండసీమ తమిళులు. తోటలను 1970ల్లో జాతీయం చేశారు, 1992లో నడిపే బాధ్యత కంపెనీలకు అప్పజెప్పారు. రోజు కూలి వెయ్యి రూపాయలు కావడానికి ఏళ్ల పోరాటం జరిగి 2021లో సాధ్యమైంది. 2024లో 1,350 చేశారు. అవి లంక రూపాయలు, మన డబ్బులో నాలుగు వందల లోపే. 2014 అక్టోబరులో కొస్లాంద దగ్గర మీరియబెద్ద తోటలో కొండచరియ విరిగి లైన్లు మట్టిలో కలిసిపోయాయి. ఆ కొండ ప్రమాదమని ముందే తెలుసు, అక్కడి నుంచి లేచి వెళ్లడానికి వాళ్లకు వేరే జాగా లేదు.

తోట కుటుంబాలకు ఇల్లు కట్టుకోవడానికి ఏడు పర్చులు ఇస్తామని ప్రభుత్వం ఒకప్పుడు మాట ఇచ్చింది. మన కొలతలో దాదాపు 210 గజాలు. భారత ప్రభుత్వ సాయంతో కొన్ని వేల ఇళ్లు కట్టారు, ఇంకా చాలామంది లైన్లలోనే ఉన్నారు. ఇల్లు కావాలి, కానీ సాగు భూమి సంగతేమిటని అడిగే గొంతులు పెరుగుతున్నాయి. 2023లో, కొండలకు వచ్చి రెండు వందల ఏళ్లయిన సందర్భంగా, వందలాది మంది తలైమన్నార్ నుంచి మాతలె దాకా తాతల దారినే రెండు వారాలు నడిచారు. భూమి, గౌరవం, సమాన పౌరసత్వం వాళ్ల డిమాండ్లు.

సిలోన్ దాల్చిన చెక్కకు 2022 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఏ దీవిలో, ఏ మట్టిలో పండిందో చెప్పే ముద్ర లేకుండా ఆ పేరు ఇంకెవరూ వాడకూడదు. లైను గదులకు విడివిడిగా తలుపు నంబర్లు లేవు, వీధి పేర్లు లేవు. తోటలో ఎవరికైనా ఉత్తరం రాయాలంటే తోట పేరు, డివిజన్ పేరు రాయాలి. పిల్లవాడి పరీక్ష హాల్‌టికెట్టయినా, ఉద్యోగానికి పిలుపయినా ముందు తోట ఆఫీసుకు వెళ్తుంది, అక్కడి నుంచి ఎవరో ఒకరు తెచ్చి ఇవ్వాలి.